పరుగు ఆగినాక

మా ఇంటికొచ్చిన కుక్కకి మొరగడం పెద్దగా రాదు. విజయనగరం లాంటి ఊళ్ళో ఈ ఒక్క లోపం చాలు, దాన్ని కుక్కల లెక్కలోంచి తీసేయడానికి. గేటు దగ్గర అలికిడైతే లేస్తాడు, పొడుగాటి మెడ సాచి వచ్చిన మనిషిని నిదానంగా చూస్తాడు, చూసి వెనక్కొచ్చి పరుపు మీద ముడుచుకుంటాడు. పాలు పోసే ఆవిడ మొదట్లోనే తీర్పు చెప్పేసింది. "కాపలాకి పనికిరాడు బాబూ ఈడు. తిండైనా సరిగ్గా పెడతన్నారో నేదో, ఎముకలు లెక్కెట్టొచ్చు."

కాపలా సంగతి నేను పట్టించుకోలేదు గానీ తిండి మాట మా ఆవిడకి గుచ్చుకుంది. ఇంటికొచ్చిన ప్రాణికి కడుపునిండా పెట్టలేదన్న నింద మన వైపు ఇల్లాలు మోయగలిగేది కాదు. ఆ రోజునుంచి పెరుగన్నం ముద్దలు పెద్దవయ్యాయి, మధ్యాహ్నం ఓ గుడ్డు చేరింది. వీధిలో పిల్లలు బిస్కెట్లు తెచ్చి గేటు సందులోంచి వెయ్యడం మొదలెట్టారు. చివరికి గరివిడి పశువైద్య కళాశాలలో చదివొచ్చిన మా డాక్టరు కుర్రాడు వాడి పక్కల మీద చెయ్యి వేసి తడిమి, "అమ్మా, ఈ సన్నదనం జబ్బు కాదు, జాతి. ఆఖరి రెండు మూడు పక్కటెముకలు లీలగా కనపడాలి. అవి కనపడటం మానేసిన రోజు నా దగ్గరికి తీసుకురండి" అన్నాడు. మా ఆవిడ వింది. నమ్మినట్టు మాత్రం నాకనిపించలేదు.

వాడు విప్పెట్. వాసన పట్టి కాక, కంటితో చూసి తరిమే వేటకుక్కల వంశంలో చిన్నవాళ్ళ వరస. భుజం దగ్గర ఎత్తు 18 నుంచి 22 అంగుళాలు, బరువు 12 నుంచి 15 కిలోలు. కొన్ని ఇంకాస్త ఎక్కువే తూగుతాయి. మా అప్ప కొడుకు బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో తెచ్చుకుని బోల్ట్ అని పేరు పెట్టాడు. తర్వాత అతనికి మిషిగన్‌లో ఉద్యోగం వచ్చింది, కుక్క మా ఇంటికొచ్చింది. పేరు మా ఆవిడ నోట్లో పడి బుల్లోడు అయింది. ఏ పేరుతో పిలిచినా ఒక చెవి వెనక్కి వాలుస్తాడు, అంతే. రావాలా వద్దా అన్నది ఆ తర్వాత ఆలోచించుకుంటాడు.

అప్పది ఉద్దానం, పలాస దాటాక ఓ పల్లె. ఒకసారి బుల్లోణ్ణి కార్లో ఎక్కించుకుని అక్కడికి వెళ్తే, జీడితోటలోంచి వస్తున్న పెద్దాయన ఇదేం జాతని అడిగాడు. గ్రేహౌండ్‌కి తమ్ముడి వరస అన్నాను. ఆయన ఒకడుగు వెనక్కేసి, "అయితే పోలీసోళ్ళదా బాబూ?" అన్నాడు. 1989లో కె.ఎస్. వ్యాస్ అనే ఐపీఎస్ అధికారి నక్సలైట్లను ఎదుర్కోవడానికి తయారుచేసిన దళానికి ఆ కుక్క పేరే పెట్టారు. మన కొండల వైపు ఆ కుక్కని చూసినవాళ్ళు అరుదు గానీ ఆ పేరు విననివాళ్ళు లేరు. బుల్లోడు ఇదేమీ పట్టనట్టు వెళ్ళి ఆయన మోకాలికి తన ఒంటి బరువంతా ఆనించి నిలబడ్డాడు. ఈ జాతికి అదొక అలవాటు. మనిషి మీద వాలి నిలబడతాయి. పెద్దాయన కాసేపు చేతులు పైకెత్తి పెట్టుకుని, తర్వాత ఒక చెయ్యి దించి వాడి తలమీద వేశాడు.

ఈ కుక్క ఎక్కడి సృష్టో చదివి తెలుసుకున్నప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. రాజుల వేటకుక్క కాదు. పందొమ్మిదో శతాబ్దంలో ఉత్తర ఇంగ్లండ్‌లో బొగ్గుగనుల్లో, నూలు మిల్లుల్లో పనిచేసే కూలీలు పెంచుకున్నది. గ్రేహౌండ్‌ని పోషించడానికి ఎస్టేట్లు ఉండాలి. వీటికి ఒక గది ఇల్లు చాలు, మంచంలో ఓ మూల చాలు. వారమంతా భూమి కింద పనిచేసి, సెలవు రోజున 200 గజాల నేల మీద పందెం కట్టేవారు. పేదవాడి పందెపు గుర్రం అని పేరొచ్చింది. అమెరికా కెన్నెల్ క్లబ్ 1888లోనే విప్పెట్‌ని జాతిగా గుర్తించింది, ఇంగ్లండ్‌లో 1890ల మొదట్లో గుర్తింపు వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1892లో, మన గరివిడి పక్కన కోడూరులో మాంగనీసు తవ్వకం మొదలైంది. దేశంలోనే మొదటి మాంగనీసు తవ్వకం అది. అక్కడి గని కూలీకీ ఇక్కడి గని కూలీకీ ఒకరి ఉనికి ఒకరికి తెలిసే వీలు లేదు. గోతిలోంచి పైకొచ్చినవాడికి ఎక్కడైనా సరే ఆరుబయట ఒక పరుగు చూడాలనిపిస్తుందేమో. అది నా ఊహ మాత్రమే. ఇద్దరి జీతాలూ ఎవరి చేతుల్లో ఉండేవో అది మాత్రం ఊహించనక్కర్లేదు.

ఆ కూలీలకి తెలిసిన పెంపకం మాకు తెలియదు, మెల్లమెల్లగా తెలిసింది. వీడి ఒంట్లో కొవ్వు తక్కువ, చర్మం పల్చన, బొచ్చు పొట్టిది. ధనుర్మాసంలో తెల్లారుజామున గోదా పాశురాలు మైకులో మొదలయ్యే వేళకి బుల్లోడు వణుకుతూ మా ఆవిడ దుప్పట్లోకి ముక్కు దూర్చేవాడు. పాత శాలువా ఒకటి కత్తిరించి, నాలుగు నాడాలు కుట్టి తొడిగింది. గచ్చు మీద పడుకుంటే మోచేతుల దగ్గర చర్మం రాసుకుపోయి కాయలు కాస్తాయి కాబట్టి దూదిపరుపు కావాలి. రోజులో ముప్పాతిక భాగం దాని మీదే ఉంటాడు. ఇంత వేగం ఉన్న ప్రాణి ఇంత బద్ధకంగా ఎలా ఉంటుందా అని చూసేవాళ్ళకి అనుమానం. వారానికి కొన్నిసార్లు పళ్ళు తోమాలి, గోళ్ళు నేలకి తగలకుండా కత్తిరించాలి, ఉడికించిన ఎముకలు పెట్టకూడదు, తిన్న వెంటనే పరిగెత్తనివ్వకూడదు.

మెడపట్టీ దగ్గర మాకు అసలు పాఠం. బజార్లో దొరికే పట్టీ ఏదీ వాడికి నిలవదు. వాడి తల సన్నం, మెడ దానికంటే లావు. నాలుగడుగులు వెనక్కి నడిచి తల ఒక్కసారి వంచితే పట్టీ మన చేతిలో ఉంటుంది, కుక్క రోడ్డు మీద ఉంటుంది. గంటస్తంభం దగ్గర చెప్పులు కుట్టే ఆయన దగ్గర కూర్చుని, నాలుగు వేళ్ళ వెడల్పున మెత్తటి తోలుతో, లాగితే కొద్దిగా బిగిసి వదిలితే సడలే ఉంగరాల పట్టీ ఒకటి కుట్టించాం. ఆయన కొలత తీసుకుంటూ బుల్లోడి గొంతు మీద వేలు పెట్టి, చర్మం కింద నాడి కొట్టుకోవడం నాకు చూపించాడు. "ఎంత పల్చన బాబూ, గోరు తగిలితే చిరిగిపోద్ది" అన్నాడు. ఆ మాట తర్వాత గుర్తొచ్చింది.

పోయిన సంక్రాంతికి మేనల్లుడు వచ్చాడు. గేటు తీసిన క్షణంలో బుల్లోడు లేచి, ఒళ్ళంతా తోకతో పాటు ఊపేస్తూ, మూలుగుతూ అతని చుట్టూ తిరిగాడు. అబ్బాయి కళ్ళు తుడుచుకున్నాడు. కనుమ వెళ్ళిన మర్నాడు ముగ్గురం కలిసి నెల్లిమర్ల దాటి చంపావతి ఒడ్డుకి వెళ్ళాం. కోతలైపోయిన పొలాలు, అక్కడక్కడా ఇంకా నూర్చని వరికుప్పలు, మిగిలిన తడిమీద చల్లిన మినుము ఆకులేస్తోంది. దూరంగా రామతీర్థం కొండలు. అబ్బాయి వంగి పట్టీ విప్పేశాడు. "నా మాట వింటాడు మావయ్యా, బెంగుళూరులో పార్కులో రోజూ వదిలేవాణ్ణి" అన్నాడు.

బుల్లోడు మా కాళ్ళ దగ్గరే కాసేపు తిరిగాడు. తర్వాత ఆగాడు. చెవులు సగం మడత వేసుకుని నిలబడ్డాయి, నుదుటి మీద ముడతలు పడ్డాయి, ముందరి కుడికాలు నేలమీంచి లేచి గాల్లోనే ఉండిపోయింది. మాకేమీ కనపడలేదు. వాడి కళ్ళు తలకి పక్కలకి ఉంటాయి, దాదాపు 270 డిగ్రీల మేర చూస్తాడు. మనం చూసేది 180కి కాస్త అటూ ఇటూ. దూరాన ఏదైనా కదిలితే చాలు, మన కన్ను దాన్ని వెతుక్కునే లోపు వాడి కన్ను పట్టుకుంటుంది. మినుముచేలో మట్టిరంగు ముద్ద ఒకటి కదిలింది. చెవులపిల్లి.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి పట్టే సమయంలో సగం కూడా పట్టలేదు. విప్పెట్ పరుగులో ఒక్కొక్క అంగలో రెండుసార్లు నాలుగు కాళ్ళూ నేలని వదిలేస్తాయి: కాళ్ళు సాచినప్పుడు ఒకసారి, ఒంటి కిందకి ముడిచినప్పుడు ఒకసారి. గంటకి 55 కిలోమీటర్ల వేగం అందుకుంటుందని పుస్తకాల్లో చదివాను. పుస్తకంలో లేనిది చప్పుడు లేకపోవడం. ఎండిన దుబ్బుల మీద అంత వేగంగా పోతున్న జంతువు నుంచి ఏ శబ్దమూ రాలేదు. శబ్దమంతా మాదే. అబ్బాయి "బోల్ట్! బోల్ట్!" అని అరుస్తూ పరిగెడుతున్నాడు, నేను "బుల్లోడా" అంటున్నాను. చెవులపిల్లి గట్టు దగ్గర ఒక్కసారి పక్కకి తిరిగింది, వాడు ముందుకి జారిపోయి మళ్ళీ అందుకున్నాడు. కాలవగట్టున మేకలు కాస్తున్న ముసలాయన కర్ర మీద గడ్డం ఆనించి ఇదంతా చూస్తున్నాడు.

"ఇప్పుడు పిలిసినా నాభం నేదు బాబూ" అన్నాడు ఆయన, మా గొంతులు పోతాయని జాలిపడుతున్నట్టు. "పరిగెడతన్నంతసేపూ దానికి మనం నేనట్టే. ఆగినాక మళ్ళా ఉంటాం."

చెవులపిల్లి తుమ్మడొంకలో దూరింది. బుల్లోడు దాని వెంట సగం దూరి, ఇవతలికొచ్చి, ఖాళీ డొంకని చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తల తిప్పాడు. మేం కనపడ్డాం. నడుచుకుంటూ, ఎక్కడ పట్టీ విప్పామో సరిగ్గా ఆ చోటికి వచ్చాడు. మేమప్పటికి అక్కడ లేం, సగం చేను దాటి వెళ్ళాం. వాడక్కడ పడుకుని మాకోసం చూస్తున్నాడు. దగ్గరికెళ్తే ఎడమ తొడమీద చర్మం ముల్లుకి పట్టి నాలుగు వేళ్ళ పొడుగున విచ్చుకుని ఉంది. లోపల కండ మీది తెల్లటి పొర కనపడుతోంది. నెత్తురు దాదాపు లేదు. వాడికి ఆ సంగతి తెలిసినట్టే లేదు.

డాక్టరు కుర్రాడు కుట్లు వేసే ముందు చాలాసేపు ఆలోచించాడు. ఈ వంశపు కుక్కలకి మత్తు ఇవ్వడం మామూలు కుక్కలకి ఇచ్చినట్టు కాదట. థయోపెంటాల్ లాంటి పాత మందులు ఇస్తే గ్రేహౌండ్లు లేవడానికి చాలాసేపు పడుతుంది. ఒంట్లో కొవ్వు లేకపోవడం ఒక కారణం, వాటి కాలేయం ఆ మందుని నిదానంగా విరగ్గొట్టడం ఇంకో కారణం. గాయం చుట్టూ తిమ్మిరి సూదులు వేసి, నిద్రమందు కొంచెమే ఇచ్చి కుట్టాడు. అంతకుముందు పిడుదుల జ్వరమేమో అని రక్తం తీసినప్పుడు కూడా అతను ఇలాగే ఆగాడు. ప్లేట్‌లెట్లు తక్కువ కనపడితే మన దగ్గర వెంటనే అనుమానించేది పిడుదుల జ్వరాన్నే. గ్రేహౌండ్ల వంశంలో అవి పుట్టుకతోనే తక్కువ, ఎర్రకణాల పాలు ఎక్కువ. కొలబద్ద వేరైనచోట మన కొలబద్దతో కొలిస్తే లేని జబ్బు కనపడుతుంది అన్నాడతను. రక్తం గురించే అన్నాడు. నేనే దాన్ని ఇంటిదాకా మోసుకొచ్చాను.

ఆ రాత్రి అన్నం దగ్గర మేనల్లుడు మాట్లాడలేదు. చెయ్యి కడుక్కుని వచ్చాక అన్నాడు. "వాడికి నేను లెక్కలేదు మావయ్యా. నేనొచ్చిన రోజు చూసి సంతోషపడ్డాను గానీ, అదంతా అలవాటు కొద్దీ ఊపిన తోక. అవసరమైనప్పుడు ఒక్కసారన్నా వెనక్కి తిరిగి చూళ్ళేదు." బుల్లోడు ఆ సమయంలో అతని పాదాల మీద గడ్డం పెట్టుకుని పడుకుని ఉన్నాడు.

నేనేమీ చెప్పలేకపోయాను. అతని బాధ అబద్ధం కాదు. కుక్క గురించి మనకి తెలిసిన సద్గుణం ఒక్కటే, విశ్వాసం. ధర్మరాజు వెంట స్వర్గద్వారం దాకా నడిచిన కుక్క దగ్గర్నుంచి వీధి చివర టీకొట్టు కుక్క దాకా మనం మెచ్చుకునేది దాన్నే. దానికి పెట్టిన పరీక్ష కూడా ఒక్కటే: పిలిస్తే రావాలి. కొల్లేటి వైపు బాతుల మందల వెంట తిరిగే జోనంగి లాంటి కుక్కలకి ఆ పరీక్ష న్యాయమైనదే. మంద తోలే కుక్క అడుగడుక్కీ మనిషి వంక చూడాలి, ఆ పని అటువంటిది. మరి మనిషి కంటికి ఆనని దాన్ని, మనిషి నోరు తెరిచే లోపు పట్టుకోవాల్సిన కుక్క సంగతేమిటి? ఆ పనిలో వెనక్కి చూసిన కుక్కకి కుందేలు దక్కలేదు. కుందేలు దక్కని కుక్కకి పిల్లలు దక్కలేదు. తరాల తరబడి ఏరి ఏరి, వెనక్కి చూడనివాటినే జత కట్టించి, ఇవాళ ఆ వంశంలో పుట్టిన వాడు వెనక్కి చూడలేదని మనం నొచ్చుకుంటున్నాం.

ఆ ఏరివేత ఎంత లోతుకి పోయిందో 2007లో అమెరికా పరిశోధకులు బయటపెట్టారు. కండ పెరుగుదలకి కళ్ళెం వేసే మయోస్టాటిన్ అనే జన్యువు కొన్ని విప్పెట్‌లలో దెబ్బతిని ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒకరినుంచి మాత్రమే ఆ లోపం వస్తే ఆ కుక్క పందెంలో తోటివాటికంటే వేగంగా పోతుంది. ఇద్దరినుంచీ వస్తే కండలు బలిసిపోయి విప్పెట్ రూపమే పోతుంది. పందెంలో గెలిచినవాటిని గెలిచినవాటితో కట్టించినవాళ్ళకి లోపల జరుగుతున్నది తెలియదు. మనకి కావలసింది వేగం. దాంతో పాటు ఏమేం వచ్చాయో చూసుకునే ఓపిక మనకి ఎప్పుడూ తర్వాతే వస్తుంది.

విదేశీ కుక్కకి ఇంత కథా అని నా స్నేహితుడొకాయన ఎగతాళి చేశాడు. మనకీ ఉన్నాయి. 2005 జనవరిలో తపాలా శాఖ నాలుగు దేశవాళీ కుక్కల బిళ్ళలు వేస్తే వాటిలో రాంపూర్, ముధోల్, రాజపాళయం ఉన్నాయి. మూడూ పొడుగుకాళ్ళ వేటకుక్కలే. ముధోల్ కుక్కలు 2016లో మీరట్‌లో సైన్యం శిక్షణకి కూడా వెళ్ళాయి. అడవి జంతువుల వేటని 1972 చట్టం నిషేధించాక వీటి పాత పని పోయింది. కుందేలుని తరిమే కన్ను మాత్రం పోలేదు. చట్టం మనిషికి తెలుస్తుంది, కుక్కకి తెలియదు కాబట్టి పట్టీ మన చేతిలోనే ఉండాలి.

ఇక్కడికి వచ్చేసరికి నా ఆలోచన కుక్కని వదిలేసి అప్ప ఇంటికి వెళ్ళింది. మా వైపు పల్లెల్లో పిల్లల్ని పెంచేది పంపించడానికే. చేపలవాళ్ళ కొడుకులు గుజరాత్‌లో వెరావల్‌కి, తాపీపనివాళ్ళు హైదరాబాదుకి, చెన్నైకి, చదివినవాళ్ళు అంతకంటే దూరం. ఫీజు కట్టడానికి అప్ప జీడితోటలో ఒక చెక్క అమ్మింది. 2018లో తిత్లీ తుపాను మిగిలిన చెట్లని కూకటివేళ్ళతో పడేసినప్పుడు, "ఇక్కడేటుందిరా, వెనక్కి చూడకు, పో" అని ఫోన్లో చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. ఇప్పుడు సాయంత్రమైతే అదే ఫోన్లో, "ఎప్పుడొస్తావురా, అమ్మ గుర్తుందా" అంటుంది. రెండూ ప్రేమతో అన్నవే. రెండో మాట అతనికి ఎలా వినపడుతుందో అప్ప ఎప్పుడూ ఆలోచించి ఉండదు. అందరం అంతే. పరిగెత్తడం మనమే నేర్పి, పరుగు మధ్యలో పేరు పెట్టి పిలిచి, తల తిప్పలేదని అన్నం మానేస్తాం.

అయితే ఈ పోలిక ఇంత సులువుగా కుదరడం చూసి నాకే అనుమానం వచ్చింది. కుక్క పరుగు కొన్ని వందల గజాల్లో ఆగుతుంది. మనిషి పరుగులో ఇంటి అప్పుంటుంది, వీసా ఉంటుంది, అక్కడ పుట్టే పిల్లలుంటారు. కుక్క ఎంచుకోలేదు, అబ్బాయి కొంతైనా ఎంచుకున్నాడు. మేకలాయన మాట కుక్కకి సరిపోయింది. "ఆగినాక మళ్ళా ఉంటాం" అన్న ధీమా అప్పకి ఎవరివ్వగలరు? ఆవిడకి 70 దాటాయి. ఈ ప్రశ్నని నేను ఎటు తిప్పినా ఒక మూల మిగిలిపోతూనే ఉంది, దాన్ని అలాగే ఉంచాను.

విశ్వాసం అన్న మాట వచ్చినప్పుడల్లా నాకిప్పుడు ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ గుర్తొస్తాడు. ఆయన పెంచుకున్నవి విప్పెట్‌కంటే చిన్నవి, ఇటాలియన్ గ్రేహౌండ్లు. నాలుగైదు కిలోలు తూగేవి, మంచమ్మీంచి దూకితే ముందరికాలు విరిగేంత సున్నితమైనవి. పోట్స్‌డామ్‌లో తన భవనం పక్కన, తన కుక్కల పక్కనే తనని పాతిపెట్టమని కోరుకుని 1786లో పోయాడు. వారసులు ఆ మాట చెల్లించలేదు. 1991 ఆగస్టులో గానీ ఆయన అస్థికలు అక్కడికి చేరలేదు. ఆ రెండువందల ఏళ్ళూ ఎవరు ఎవరికోసం కనిపెట్టుకుని ఉన్నట్టు?

మరి బుల్లోడి లెక్క ఏమిటి? మర్నాటి నుంచి నేను కొంచెం శ్రద్ధగా చూశాను. కుట్లు ఎండేదాకా వాడు అబ్బాయి గది విడిచి రాలేదు. అతను స్నానానికి వెళ్తే తలుపుకి ఆనుకుని కూర్చునేవాడు. పడుకుంటే వెన్ను అతని వెన్నుకి తగిలేలా పడుకునేవాడు, తగలకపోతే లేచి సర్దుకునేవాడు. ఇవన్నీ అంతకుముందూ ఉన్నవే. పిలుపుకి రావడం ఒక్కటే పట్టుకు కూర్చున్నాం కాబట్టి మాకు ఆనలేదు. కలిసి ఉండటమూ మాట వినడమూ ఒకటే అని మనకి ఎవరు చెప్పారో తెలీదు. బహుశా మాట వినిపించుకోవడం మనకి సుఖం కాబట్టి మనమే చెప్పుకుని ఉంటాం.

గని కూలీలకి ఈ సంగతి తెలుసు అనిపిస్తుంది. వాళ్ళ పందెం తీరు అలా ఉంటుంది. మొదలు దగ్గర కుక్కని ఇంకొకడు పట్టుకుని వదులుతాడు. కుక్క తాలూకు మనిషి 200 గజాల అవతల నిలబడి గుడ్డ ఒకటి గాల్లో ఊపుతుంటాడు. కుక్క ఆ గుడ్డ మీదికి, అంటే తన మనిషి మీదికే, పరిగెత్తుకొస్తుంది. వెనకనుంచి పిలిచే పనే లేదు.

అబ్బాయి తిరిగి వెళ్ళే లోపల ఇది ప్రయత్నించాం. మా పేటలో ఎత్తు ప్రహరీ ఉన్న మైదానం ఒకటుంది, ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉంటుంది. వాచ్‌మన్ని బతిమాలి లోపలికెళ్ళాం. గేట్లు మూయించి, నేల మీద గాజుపెంకులూ ముళ్ళూ లేకుండా ఏరాం. నేను బుల్లోణ్ణి రెండు చేతుల మధ్య పట్టుకున్నాను. అబ్బాయి ఆ చివర్న నిలబడి మా ఆవిడ తువ్వాలు ఊపాడు. నా చేతుల కింద వాడి గుండె కొట్టుకుంటోంది. చర్మం పల్చన కాబట్టి ప్రతి దెబ్బా తెలుస్తోంది. వదిలాను. వాడు అతన్ని గుద్దుకుని, ఇద్దరూ కలిసి పడ్డారు. వాచ్‌మన్ చప్పట్లు కొట్టాడు. రెండోసారి మూడోసారి అయ్యాక నాలుక వేలాడేసి పడుకున్నాడు. ఎండ ఎక్కితే ఈ జాతి తట్టుకోలేదు, ఆపేసి నీడకి తీసుకొచ్చాం.

ఇప్పుడు అబ్బాయి బుల్లోణ్ణి మిషిగన్‌కి తీసుకెళ్తానంటున్నాడు. వీళ్ళు మామూలుగా 12 నుంచి 15 ఏళ్ళు బతుకుతారు. మా ఇద్దరి వయసూ కలిపి చూసుకుంటే ఆ మాటలో న్యాయం ఉంది. 2024 ఆగస్టు నుంచి అమెరికా నిబంధనలు మారాయి. రేబిస్ ఎక్కువున్న దేశాల జాబితాలో మనదీ ఉంది కాబట్టి, ఇక్కడ టీకా వేసిన కుక్కకి చర్మం కింద మైక్రోచిప్ ఉండాలి, టీకా కాగితాలుండాలి, టీకా పనిచేస్తోందని చూపే రక్తపరీక్ష ఉండాలి. అక్కడ దిగాక వాళ్ళు గుర్తించిన కేంద్రంలో పరీక్ష చేయించుకోవాలి. చిప్ వేయించాం. రక్తం తీసి పంపించే ఏర్పాట్లు డాక్టరు కుర్రాడు చూస్తున్నాడు. పంపించాలని ఉందా అని నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవరితోనూ అనలేదు.

మొన్న ఫోన్లో మా ఆవిడ అతనికి అప్పజెప్పడం మొదలెట్టింది. పెరుగన్నంలో ఉప్పు వెయ్యకు. తోలుపట్టీ ఇక్కడిదే తీసుకెళ్ళు. మంచు పడేచోట శాలువా సరిపోదు, ఊలుది కుట్టిస్తాను. చెక్కనేల అయితే జారతాడు, చాప వెయ్యి. అబ్బాయి అన్నిటికీ ఊఁ కొట్టాడు. చివర్న అడిగింది.

"మీ దగ్గర చెవులపిల్లులుంటాయేట్రా?"

"ఉంటాయత్తా. పెరట్లోకే వస్తాయి."

"అయితే ముందు కంచె ఎంత ఎత్తుందో చెప్పు."